తీగ పీకినా తెరుచుకున్న ఫోల్డరు

దసరా మర్నాడు పొద్దున పుంగనూరు నుంచి రూప ఫోన్ చేసి, "శాలినక్కా, పండగ ముందర నేను సేవ్ చేసిన ఫైలు కనపళ్ళేదు" అన్నప్పుడు నేను నవ్వాను. రూపకు ఫైళ్ళు కనపడకపోవడం కొత్త కాదు. తన టేబుల్ మీద పెట్టుకున్న కళ్ళజోడు కూడా అప్పుడప్పుడూ నన్నే ఫోన్లో వెతకమంటుంది.

"సరిగ్గా సూడు తల్లీ. ఈడ నాకు పొద్దున్నించీ నెట్టే లేదు, ఆ తలనొప్పి ఒకటి ఉండాది," అన్నాను.

"సూసినానక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద యాల? నీ మీదే పెట్టుకో."

మాది గ్రానైట్ కంపెనీ. రాయి తీసేది కుప్పం దగ్గర కొండలో, దాన్ని కోసి పాలిష్ పట్టేది పుంగనూరులో, సంతకాలు పెట్టేది మదనపల్లెలో. మదనపల్లె ఆఫీసులో కంప్యూటర్లకు ఏ రోగం వచ్చినా వైద్యం నాదే. కంప్యూటర్స్‌తో డిగ్రీ చదివిన పాపానికి ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడానికి కూడా నన్నే కేకేస్తారు. లాగుతాను. లాగుతూ తిడతాను. నా నోటికి భయపడి ఎవరూ ఏమీ అనరు.

మూడు ఊళ్ళ పనీ ఒక్క ఫోల్డరులో ఉంటుంది. ఆ ఫోల్డరు ఉండేది నా టేబుల్ కింది మిషనులో. ఇంటర్నెట్ మీద మూడు ఆఫీసులనూ కలిపే ఏర్పాటు ఒకటి ఉంది కాబట్టి, కుప్పంలో సాయికుమార్ తెరిచినా, పుంగనూరులో రూప తెరిచినా, తెరుచుకునేది నా కాళ్ళ దగ్గరున్న ఆ పెట్టే. రాయి ఆర్డర్లు, లారీల రాకపోకలు, సెలవు చీటీలు అన్నీ అందులోనే. అవి ఒక పూట కనపడకపోయినా ఎవరి కొంపా మునగదు. క్వారీ డ్రాయింగులు మాత్రం వేరు. వాటి జోలికి పోవాలంటే నాకు ఇప్పటికీ చెయ్యి నిదానమవుతుంది.

కొండను మెట్లు మెట్లుగా కోస్తారు. ఒక్కో మెట్టుకు ఒక డ్రాయింగు. డ్రిల్లు పెట్టాల్సిన చోట్లకు అందులో వరసగా నంబర్లుంటాయి. మందు పెట్టి పేల్చే చిన్నస్వామి సాయంత్రం పని ముగిశాక, ఏ రంధ్రం పేలిందో ఏది పేలలేదో అందులో గుర్తు పెట్టి సేవ్ చేసిపోతాడు. మర్నాడు పొద్దున సాయికుమార్ దాన్ని ప్రింటు తీసి మేస్త్రీకిస్తే, మేస్త్రీ ఆ కాగితం చూసి డ్రిల్లు పట్టేవాళ్ళకు చోటు చూపిస్తాడు. ఎప్పుడో ఒకసారి మందు పెట్టిన రంధ్రం పేలకుండా మిగిలిపోతుంది. పైకి అది మామూలు రంధ్రంలాగే ఉంటుంది. తెలియక అందులో మళ్ళీ డ్రిల్లు పెట్టినవాడు ఇంటికి రాడు.

ఆ డ్రిల్లు పట్టేవాళ్ళలో మా అన్న గంగాధరం ఒకడు. మా నాయన ఆ కొండలోనే సమ్మెటతో రాళ్ళు కొట్టాడు. అన్న డ్రిల్లు దాకా వచ్చాడు, నేను మౌసు దాకా వచ్చాను. నా ఉద్యోగం చూసి మా అమ్మ మురిసిపోతుంది. అన్న ఉద్యోగం గురించి మాత్రం సాయంత్రం అతను చెప్పులు విడిచేదాకా మాట్లాడదు.

రూప ఫైలు పేరు చెప్పింది. నా మిషనులో చూశాను. ఉంది. నవమికి ముందు రోజు సాయంత్రం సేవ్ చేసినట్టు తేదీతో సహా ఉంది.

"ఈడ ఉండాది కదే. నీకేం కళ్ళు పోయినాయా?"

"ఈడ లేదక్కా. నా ఫైలే కాదు, ఈ నెల రోజుల్లో చేసినవేవీ లేవు. అంతకు ముందరివన్నీ ఉండాయి."

"ఫోల్డరు మూసి మళ్ళీ తెరువు."

మూసింది, తెరిచింది, లేదంది. మిషను ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమన్నాను. చేసింది. లేదంది. అప్పటికి నాకు విసుగొచ్చింది గానీ భయం రాలేదు. ఫోల్డరు తెరుచుకోకపోతే దారిలో ఏదో తెగిందనుకుంటాం. తెరుచుకుని, లోపలివి వేరుగా ఉంటే ఏమనుకోవాలి?

"ఒక పని చెయ్యి. దాంట్లోనే కొత్తగా ఒక ఖాళీ ఫైలు చేసి నీ పేరు పెట్టు," అన్నాను.

"పెట్టినానక్కా."

నా తెర మీద చూశాను. రూప పేరుతో ఏ ఫైలూ రాలేదు. మళ్ళీ చూశాను. రాలేదు. తెర మూలన నెట్‌వర్క్ గుర్తు మీద పొద్దున్నించీ చిన్న పసుపు త్రిభుజం ఉంది. నెట్ లేనప్పుడల్లా అది వస్తుంది, మా ఊరి నెట్‌కు అది మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్ని చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. నా మిషనుకు నెట్‌వర్కే లేకపోతే రూప ఇంతసేపూ తెరుస్తున్న ఫోల్డరు ఎవరిది?

వంగి, టేబుల్ కింద నా మిషను వెనక తీగ పట్టుకుని పీకేశాను.

"రూపా, ఇప్పుడు ఫోల్డరు తెరువు."

తెరుచుకోకూడదు. నా మిషనే ఆ ఫోల్డరు. తీగ నా చేతిలో ఉంది.

"తెరుచుకునిందక్కా. నా పేరుతో చేసింది కూడా ఉండాది."

అప్పుడు వేసింది నాకు భయం. పట్టపగలు, ఆఫీసు నిండా అగరొత్తుల వాసన, పక్క గదిలో మా మేనేజరు పురుషోత్తం సార్ ఎవరితోనో గట్టిగా నవ్వుతున్నారు. మా ఫోల్డరులాంటిదే మరొకటి, అదే పేరుతో, అదే పాస్‌వర్డుతో, ఎక్కడో బతికి ఉంది. మూడు ఊళ్ళవాళ్ళూ పొద్దున్నించీ దాన్నే తెరుస్తున్నారు.

"మళ్ళీ చేస్తా," అని ఫోన్ పెట్టేసి నిలబడ్డాను. నిలబడి విన్నాను. మా ఆఫీసులో నా మిషను చప్పుడు నాకు తెలుసు. అది కాకుండా ఇంకొక ఫ్యాను తిరుగుతోంది, గరగరమని, నెమ్ముపట్టిన ముసలివాళ్ళ ఊపిరిలాగా. ఆ చప్పుడు వెంట పోయాను. బీరువా వెనక మూల బల్ల మీద, బంతిపూల దండ మెడనిండా వేసుకుని, నుదుట కుంకుమతో, పాత సర్వరు పనిచేస్తోంది.

ఆయుధపూజకు మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పనిచేసేదైనా చేయనిదైనా ఏ మిషనునూ బొట్టు లేకుండా వదలరు. ఎప్పటిదో టైపు మిషనుకు కూడా దండ పడుతుంది. నవమి నాడు అన్నీ ఆపి, తుడిచి, గంధం కుంకుమ పెట్టి, దశమి అంతా ముట్టుకోకుండా ఉంచి, మర్నాడు మంచి గడియ చూసి మళ్ళీ ఆన్ చేస్తారు. ఆన్ చేసేది పురుషోత్తం సారే. అందులోనూ ఆయనకొక వరస ఉంది. పెద్దదానికి ముందు మర్యాద చెయ్యాలి. ఈ పాత సర్వరు నాకంటే ముందు ఈ ఆఫీసులో చేరింది. పోయిన వినాయక చవితి దాకా ఫోల్డరు అందులోనే ఉండేది. అది మాటిమాటికీ ఆగిపోతుంటే, ఉన్నదంతా నా టేబుల్ కింది కొత్త మిషనులోకి మార్చి, దాని నెట్‌వర్క్ నంబరే దీనికీ ఇచ్చాను. అలా ఇస్తే పుంగనూరులోనూ కుప్పంలోనూ ఎవరూ ఏమీ మార్చుకోనక్కరలేదు. పాతది ఆపి పక్కన పెట్టాం కాబట్టి పేచీ లేదు. కొత్తది కుదురుకునేదాకా పాతదాంట్లో కాపీ ఉంచడం ఈ పని చేసేవాళ్ళందరూ చేసేదే.

సార్ ఈ పొద్దున దానికి హారతిచ్చి, తీగలన్నీ పెట్టి, అన్నిటికంటే ముందు దాన్నే ఆన్ చేశారు. నిండుగా ఉండాలని. ఒకే నంబరు ఉన్న మిషన్లు రెండు ఉంటే, ముందు లేచినది ఆ నంబరు పట్టుకుంటుంది. తర్వాత లేచినదాన్ని బయట నిలబెడుతుంది. నా మిషను పొద్దున్నించీ బయట నిలబడి ఉంది. ఇంత పనీ చేసింది ఒక హారతి పళ్ళెం. నాకు ఆయన మీద అరవాలనిపించింది. అరిచేదాన్నే. దండ పక్కకు తోసి దాని తెర వెలిగించి, ఈ పొద్దున ఎవరు ఏ ఫైలు తెరిచారో చూసేదాకా.

కుప్పం నుంచి ఒకటే తెరిచారు. తూర్పు మెట్టు డ్రాయింగు.

పరుగెత్తుకుంటూ నా టేబుల్ దగ్గరికొచ్చి అదే డ్రాయింగు నా మిషనులో తెరిచాను. నవమికి ముందు సాయంత్రం చిన్నస్వామి సేవ్ చేసింది. పద్నాలుగో రంధ్రం చుట్టూ ఎర్ర గీత. పక్కన ఆయన భాషలో ముక్క ముక్కలుగా, 'పేలలేదు. మందు లోపలే ఉండాది. నేను వచ్చేదాకా ఎవురూ పోవద్దు.' మళ్ళీ పాతదాని దగ్గరికి పోయి చూశాను. అదే మెట్టు, అవే నంబర్లు. ఎర్ర గీత లేదు. చవితి నాటికి ఆ మెట్టులో పనే మొదలుకాలేదు. ఆ కాగితంలో పద్నాలుగు అంటే ఇంకా డ్రిల్లు పెట్టాల్సిన చోటు. పేలినవి బండ చూస్తేనే తెలుస్తాయి కాబట్టి, మేస్త్రీకి ఇక మిగిలినట్టు కనపడేది పద్నాలుగే.

పండగ అయ్యాక తూర్పు మెట్టులో పని మా అన్నకిచ్చారు.

ఫోన్ చేతిలోనే ఉన్నా ఎక్కడ పెట్టానా అని టేబుల్ మీద వెతికాను. సాయికుమార్‌కు చేశాను. అతని ఆఫీసు గది కుప్పం ఊళ్ళో, రైల్వే స్టేషను పక్కన, మేడ మీద. క్వారీ అక్కడికి దూరం.

"సాయీ, పొద్దున తూర్పు మెట్టు ప్రింటు తీసినావా?"

"తీసినానక్కా. మేస్త్రీ వచ్చి తీసుకోనిపోయినాడు. యాల?"

"అది పాతది సాయీ. చవితి నాటిది. పద్నాలుగోది పేలలేదంట. చిన్నస్వామి గుర్తు పెట్టినాడు, నా మిషన్లో ఉండాది. మీకొచ్చిన దాంట్లో లేదు."

కింద ఏదో రైలు కూత.

"అక్కా, వాళ్ళు లోపలికి పొయ్యి శానాసేపాయ."

"ఆడ రంధ్రం మింద గుర్తు పెట్టి ఉంటాడు గదా? రాయో గుడ్డో ఏదో ఒకటి?"

"పెట్టే ఉంటాడు. కానీ పూజ నాడు మెట్లన్నీ నీళ్ళు కొట్టి కడిగినారక్కా. గుమ్మడికాయలు పగలగొట్టి బండంతా కుంకుమ చేసినారు. ఆడ ఇప్పుడు ఏముండాదో ఏం లేదో..."

"చిన్నస్వామి యాడ?"

"ఊరికి పోయినాడు, కృష్ణగిరి అవతల. రేపు వస్తాడు. నేను బండెత్తుకోని పోతాండా," అన్నాడు. అంటూనే మెట్లు దిగుతున్న చప్పుడు.

అన్నకు చేశాను. రింగు పోతోంది. పోతూనే ఉంది. నాకు తెలుసు అది ఎక్కడ మోగుతుందో. మందు పెట్టే చోటికి ఫోన్లు రానివ్వరు. గేటు దగ్గర చెక్కపెట్టెలో అందరివీ వేయించి తాళం పెడతారు. ఆ పెట్టెలో ఇరవై ఫోన్ల మధ్య నా పేరు వెలిగి ఆరిపోతోంది. తెలిసీ మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. చెయ్యకుండా ఉంటే ఏమవుతుందోనని భయం.

మదనపల్లె నుంచి కుప్పానికి బస్సులో ఎప్పుడు పోయినా నిద్రపోతాను. పుంగనూరులో ఒకసారి, పలమనేరులో ఒకసారి మెలకువ వస్తుంది. అంత మామూలు దారి. ఆ పొద్దున ఆ దారి నాకు అడుగులు అడుగులుగా గుర్తొచ్చింది, నేను ఎంత పరుగెత్తినా ఒక్క మలుపు కూడా దాటలేనని అర్థమైంది. నేను ఇక్కడ అన్నీ తెలుసుకుని కూర్చున్నాను. అక్కడ ఏమీ తెలియక మా అన్న బండ మీద నిలబడి ఉన్నాడు.

గేటు కాపలా మునస్వామికి ఫోన్ ఉందని గుర్తొచ్చింది. ఆయన గది గేటు బయట కాబట్టి ఆయనకు రూలు లేదు. నంబరు నా మిషనులోని పేర్ల ఫైలులో ఉంది. వెతుకుతుంటే వేళ్ళు తప్పులు కొట్టాయి. ఎలాగో దొరికింది.

"మునస్వామన్నా, నేను మదనపల్లె ఆఫీసు శాలినిని. లోపలికి పొయ్యి తూర్పు మెట్టులో డ్రిల్లు ఆపమని చెప్పు. పేలని రంధ్రం ఉండాది. పరిగెత్తన్నా."

"పరిగెత్తాలా? నా మోకాలు సూసినావామ్మా నువ్వు? ఈడ్నించి మెట్టు కాడికి నేను పొయ్యేతలికి మద్దేన్నం అయితాది."

"ఇంకెవురన్నా ఉండారా ఆడ?"

"నేనూ కుక్కా."

నాకు ఏడుపొచ్చింది. అప్పుడే ఆయన వెనక గోడకు ఉండే సైరను గుర్తొచ్చింది. మందు పేల్చేముందు దాన్ని కొడతారు. అది మోగితే మేస్త్రీతో సహా అందరూ ఉన్నపళంగా గేటు దగ్గరికి పరుగెత్తి రావాలి.

"సైరన్ కొట్టన్నా."

"అమ్మో. అది నేను ముట్టుకోకూడదమ్మా. చిన్నస్వామి చెప్పితేనే కొట్టాల. ఉత్తపుణ్యానికి కొడితే నా పని ఊడిపోతాది. పోయిన తూరి ఒకడు కొట్టినాడని వాణ్ణి..."

"మునస్వామన్నా, నేను చెప్పినానని చెప్పు. పని పోతే నాది పోనీ. కొట్టు."

"పురుషోత్తం సారుతో ఒక మాట చెప్పించమ్మా. నేను..."

"ఆడ డ్రిల్లు పట్టుకోనుండేది మా అన్న. గంగాధరం మా సొంత అన్న. నీ కాళ్ళకు దండం పెడతా, కొట్టన్నా!"

నా అరుపుకు పక్క గదిలో నవ్వు ఆగింది. అవతల మునస్వామి కదిలాడు. బల్ల మీద ఫోన్ పెట్టిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత సైరన్. ఫోన్లోంచి వస్తేనే చెవి పక్కకు తీసుకోవాల్సి వచ్చింది. అది అరుస్తూనే ఉంది. నేను స్పీకరు పెట్టి ఫోన్ను టేబుల్ మీద ఉంచి, టేబుల్ అంచు రెండు చేతులతో పట్టుకున్నాను.

పురుషోత్తం సార్ ప్లేటులో శనగలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఏమ్మా శాలినీ, ఏమా కేకలు? నెట్ వచ్చిందా?"

నేను చెయ్యెత్తాను, మాట్లాడొద్దని. ఆయన మీద ఎప్పుడూ అలా చెయ్యెత్తలేదు. ఆయన నా మొహం చూసి, ప్లేటు కింద పెట్టి, ఎదురు కుర్చీలో మెల్లగా కూర్చున్నారు.

సైరన్ ఆగింది. కుక్క మొరిగింది. ఆ తర్వాత దూరం నుంచి కాళ్ళ చప్పుడు, గులకరాళ్ళ మీద బూట్లు, ఒకరిద్దరివి, తర్వాత గుంపుగా. ఎగశ్వాసలు. "ఏమి? యాల కొట్టినారు? చిన్నస్వామి రాలేదు గదా?" అని ఒకేసారి నాలుగు గొంతులు. మునస్వామి ఏదో చెబుతున్నాడు, ఎవరూ వినిపించుకోవడం లేదు. నేను ఫోన్లోకి "అన్నా! గంగాధరన్నా!" అని అరిచాను. ఆ గోలలో బల్ల మీది ఫోన్ను పట్టించుకునేదెవరు?

మేస్త్రీ గొంతు అందరినీ అణచింది. సైరన్ మోగితే గేటు దగ్గర పేర్లు పిలవడం వాళ్ళ కట్టుబాటు.

"వెంకటేషూ!"

"ఉండా."

"గంగులయ్యా!"

"ఉండానప్పా."

ఒక్కో పేరుకూ ఒక్కో గొంతు పలుకుతోంది. పలికిన ప్రతి గొంతు మీదా నాకు కోపం వచ్చింది. అది మా అన్నది కాదు కాబట్టి. ఆ కోపం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది, కానీ అప్పుడు వచ్చింది.

"గంగాధరం!"

ఎవరూ పలకలేదు.

"గంగాధరం! యాడబోయినాడ్రా వీడు?"

పురుషోత్తం సార్ నా వైపు చూశారు. ఆ పేరు ఎవరిదో ఆయనకు తెలుసు.

"వచ్చేటప్పుడు నేను సూడలేదు మేస్త్రీ. చెవులకు అదేదో పెట్టుకోని డ్రిల్లు కొడతాండె. ఇనపడి ఉండదు," అని ఎవరో అన్నారు.

చప్పుడు లోపలికి పోకుండా చెవుల మీద పెట్టుకునే ఆ డిప్పలు కొనిచ్చింది నేనే. డ్రిల్లు చప్పుడుకు చెవులు పోతాయని, పెట్టుకోకపోతే మాట్లాడనని బెదిరించి, మొదటి జీతంలో కొనిచ్చాను. మిగతావాళ్ళు ఎవరూ పెట్టుకోరు. నాకోసం అతనొక్కడే పెట్టుకుంటాడు. కొండ మీద అందరికీ వినపడిన సైరన్ అతనికి మాత్రమే వినపడలేదు.

కూర్చున్నానో పడ్డానో తెలియదు, కుర్చీలో ఉన్నాను. దేవుణ్ణి తలుచుకుందామంటే ఏ పేరూ నోటికి రాలేదు. ఎదురుగా శనగల ప్లేటు ఒకటే కనపడుతోంది. పేలితే ఫోన్లో వినపడుతుందా? వినపడుతుంది. నేను దానికోసమే చెవి పెట్టి కూర్చున్నట్టు అనిపించింది. చెవులు మూసుకున్నాను. మూసుకుంటే ఇంకా భయమేసి తీసేశాను.

"నేను పొయ్యి పిల్చుకోనొస్తా," అని ఒక గొంతు.

"పోవద్దురా! సైరన్ అయినాంక గేటు దాటితే..."

"పేల్చేది కాదప్పా!" మునస్వామి గొంతు చివరికి పైకి వచ్చింది. "పేలకుండా ఒకటి నిలిచిపోయిందంట. దాని కాడికి పోవద్దని ఆఫీసు పాప ఫోన్ చేసింది. నేను చెప్తానే ఉండా, ఎవురన్నా ఇంటాండారా?"

అందరూ ఒక్కసారిగా ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో నాకు ఇంకేమీ వినపడలేదు. డ్రిల్లు చప్పుడు కూడా వినపడలేదు. అది వినపడాలి గదా, అతను ఇంకా కొడుతుంటే? ఎందుకు వినపడలేదు?

అప్పుడు దూరంగా ఒక మనిషి తిడుతూ వస్తున్నాడు.

"ఎవుడ్రా గాలి ఆపింది? చెప్పా పెట్టకుండా కంప్రెసర్ ఆపేసి పారిపోతారంట్రా? డ్రిల్లు చేతిలో సచ్చిపోయె. తల తిప్పి సూస్తే బండ మింద ఒక్క నా కొడుకూ లేడు!"

మా అన్న నోరు నాకంటే చెడ్డది. దానికి మా అమ్మ ఎన్నిసార్లు చీపురు తిరగేసిందో. ఆ పొద్దున ఆ బూతు వినగానే నేను టేబుల్ మీద తల పెట్టి భోరున ఏడ్చేశాను. పురుషోత్తం సార్ లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

డ్రిల్లుకు గాలి పంపే ఆ కంప్రెసర్ నడిపేవాడు సైరన్ వినగానే మీట ఆపి పరుగెత్తాడట. రాళ్ళు వచ్చి దాని మీద పడితే తనను అంటారని, వాడెప్పుడూ ఆపే పరుగెడతాడు. గాలి ఆగేసరికి డ్రిల్లు ఆగింది. ఇదంతా వాడు మేస్త్రీకి చెప్పుకుంటూ ఉండగా మునస్వామి అన్న చేతికి ఫోనిచ్చాడు.

"ఏమ్మా శాలూ? నువ్వా కొట్టించింది? యాల అంత గత్తర? ఈడ అందరూ నన్ను దయ్యాన్ని సూసినట్టు సూస్తాండారు."

"అన్నా, నువ్వు ఏ రంధ్రంలో ఉండావు?"

"ఏ రంధ్రమంటే? కాగితంలో ఉండేదే. దాని పని ఈపొద్దే అయిపోతాది. ఆడ ముందే ఒకటి కొట్టి ఉండె, పూజ నీళ్ళకు బురద నిండిపోయుండె. కొత్తది యాల, దీన్నే శుభ్రం చేసి లోతు దింపితే సరిపోతాదని డ్రిల్లు దాంట్లోనే..."

ఆగిపోయాడు.

"నంబరు చెప్పన్నా."

చెప్పలేదు. పక్కన ఎవరో "పద్నాలుగు" అన్నారు. మేస్త్రీ అనుకుంటాను, కాగితం చూసి. అన్న ఊపిరి వినపడింది, గట్టిగా, నోటితో తీసుకుంటున్నట్టు.

"శాలూ."

"చెప్పన్నా."

"ఇంకొక జానెడు దిగుంటే..." అన్నాడు. అని, "చెయ్యి నిలవడం ల్యాదమ్మా. ఫోను పట్టుకోలేకుండా ఉండా."

ఫోన్ ఎక్కడో తగిలి, ఎవరి చేతిలోనో పడ్డ చప్పుడు. చిన్నప్పుడు పాములు పట్టినవాడు, కొండ మీద కాళ్ళు వేలాడేసి అన్నం తినేవాడు మా అన్న. అతనికి భయం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. మా ఇంట్లో భయపడే పని అమ్మదీ నాదీ.

"పాపా," మునస్వామి గొంతు, చాలా మెల్లగా. "మీ యన్న నేల మింద కూలబడినాడు. వణకతాండాడు. ఎవురు పిలిచినా పలకడంల్యా. నేను ఫోను ఆయప్ప చెవి కాడ పెడతా, నువ్వు ఏదన్నా మాట్లాడతా ఉండు. ఆపొద్దు."

"అన్నా, నేనుండా," అన్నాను. "ఇనపడతాందా? నేను ఈడ్నే ఉండా. నేను ఫోను పెట్టను." అవతల నుంచి మాట రాలేదు, ఏడుపు వచ్చింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను.